ఎనిమిది చుక్కలు, ఒక సున్నా

కోటభారులో వాన మొదలైతే
ఆగడమనే పని పెట్టుకోదు.
ఆస్పత్రి వెనక వార్డులో
నాలుగో నంబరు డయాలసిస్ యంత్రం మూలుగుతోందని
పినాంగ్ నుంచి నన్ను పంపారు,
ఒక పెట్టె స్క్రూడ్రైవర్లతో, నలభై మాటల మలయ్‌తో.

ఆ నలభైలో ఈ మాట లేదు.

వాన్ సులోంగ్, డెబ్బై ఒకటి, పడవలకి రంగులేసిన మనిషి.
గోళ్ళ కింద ఇంకా నీలం.
మూడో నంబరు పక్క మీద, ఎడమ చేతిలో రెండు సూదులు.
కుడిచేతి వేలితో దుప్పటి మీద ఏదో రాస్తున్నాడు
కుడి నుంచి ఎడమకి.
"చింతా," అన్నాడు నా వైపు తిరిగి,
"ముప్పై ఎనిమిదేళ్ళు."

మా ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే
ఏం చేస్తామో అదే చేశాను.
భుజం మీద చెయ్యేశాను.
ఏం ఫర్లేదు తాతా, మందులున్నాయి, డాక్టరున్నాడు,
అంతా సర్దుకుంటుంది అంటూ
ఉన్న నలభై మాటలూ ఖర్చు పెట్టేశాను.
పెళ్ళికి పిలిస్తే పరామర్శకొచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.

నర్సు లిగాయా నవ్వీ నవ్వీ
బీపీ పట్టీ కింద పడేసింది.
"దిగులు కాదయ్యా, ప్రేమ.
వాళ్ళావిడ మెక్ సొమ్ గురించి చెబుతున్నాడు.
మా దీవుల్లోనూ ఉంది, కాస్త అరిగిపోయి: సింతా.
అమ్మమ్మ తాతయ్యని అలాగే పిలిచేది
ఉప్పుచేప వేయించే చప్పుడులో
ఎవరికీ వినపడదనుకుని."

మర్నాడు బజార్లో
తుంపాట్ నుంచొచ్చే సయామీ ఆవిడ, మే నువన్,
ఎర్ర మిరపకాయలు తూచి "చిందా" అంది.
రకం పేరట.
ఆ పేరెందుకంటే వేలి ఉంగరంలో గాజురాయి చూపించింది.
రత్నం. తలపు అని కూడానట, పాత పుస్తకాల్లో.
ఆ మాట చెబుతూ చిల్లర లెక్క తప్పి
మళ్ళీ మొదట్నుంచీ ఎంచింది.

మిరియాల కోసం బయల్దేరిన ఎవడి మూటలోనో
ఓడెక్కి ఉంటుంది ఈ మాట.
రేవుకో కొలువు దొరికింది.
ఇక్కడ పెళ్ళికార్డు మీదికెక్కింది,
పక్క దేశంలో ఉంగరంలో కూర్చుంది.
మన దగ్గరే,
చీకుతో జతకట్టి చీకూ చింతా అనిపించుకుని
రాత్రి రెండింటికి ఫ్యాను కింద కళ్ళు తెరుచుకుని ఉంటుంది.
పైగా ఒక చెట్టు, పులుసులో పిసికే పండు.
వాటి పుట్టుక వేరేమో, నాకు తెలీదు,
నోట్లో మాత్రం ఏనాడో కలిసిపోయాయి.
ఇక్కడ ఆ పండుని జావా పులుపంటారు.
పులుపు ఎప్పుడూ పక్కూరిదే.

మూడో రోజుకి మూలుగు ఆగింది.
ఒక బేరింగు, చిటికెన గోరంత.
వాన్ సులోంగ్ రక్తం గొట్టాల్లో ఒక చుట్టు తిరిగి
ఆయన దగ్గరికే వెళుతోంది.
నా బిల్లు వెనక ఆ మాట రాశాడు, తన లిపిలో.
ముందు గీతలు, చుక్కలన్నీ చివర్లో:
కింద మూడు, కింద రెండు,
పైన ఒకటి, పైన రెండు.

మెక్ సొమ్ పోయాక రంగేసిన ప్రతి పడవ ముక్కునా
రంగు కింద, ఎవరికీ కనపడకుండా
ఇదే రాశాడట.
పడవ సముద్రం మీదుంటే ఆవిడకి నిద్రుండేది కాదు.
గాలి మళ్ళిందంటే లేచి
లాంతరుతో గుమ్మంలో నిలబడేది.
అదీ, అన్నాడు, చుక్కల మీద వేలు పెట్టి.

చింత చచ్చినా పులుపు చావదని
ముసలివాళ్ళని వెక్కిరిస్తాం మేం.
ఆ రాత్రి అది వెక్కిరింతలా వినపడలేదు.

పక్కనే నా లిపిలో రాశాను.
ఒక్క సున్నాయేనా, అన్నాడు, చాలుతుందా?
చాలుతుందన్నాను.
అది తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పలేదు,
నా మలయ్ అంత దూరం రాదు.
బయట వాన.
నాలుగో నంబరు చప్పుడు లేకుండా తిరుగుతోంది.